పదకొండు గంటల ప్రసాదరావు గారు

మొన్న ముత్తంగి దగ్గర షేర్ ఆటో ఎక్కితే, పక్కన కూర్చున్నావిడ మెడ నిండా గులాబీ వాసన పౌడర్ పూసుకుని ఉంది. చెమటకు పౌడర్ తడిసి ఆ వాసన ఆటో అంతా కమ్ముకుంది. నాకు వెంటనే ప్రసాదరావు గారు గుర్తొచ్చారు. ఒక మగమనిషిని గుర్తుచేసే వాసన కాదది. కానీ మా స్టూడియోలో మేకప్ అంటే అలాంటి డబ్బా ఒక్కటే. రోజూ రాత్రి పదకొండుకు ఐదు నిమిషాల ముందు ఆయన దాన్ని అరచేతిలో ఒంపుకుని నుదురుకు, చెంపలకు, చివరికి చెవుల వెనకాల కూడా పూసుకునేవారు. "చెవుల ఎనక కెమెరాకు కనవడదు గద సార్" అని ఒకసారి అన్నాను. "నాకు తెలుస్తుందిగా అమ్మాయ్" అన్నారు. ఆయన జవాబులు చాలావరకు అలాగే ఉండేవి, ఒప్పుకోవాలో నవ్వాలో తేలేది కాదు.

స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. పటాన్‌చెరులో ఒక టైర్ల దుకాణం పైన రెండు గదులు, అదే మా లోకల్ కేబుల్ చానల్. పగలు పుట్టినరోజు శుభాకాంక్షలు, సాయంత్రం పాటలు, రాత్రి పదకొండు నుంచి ఒక గంట ప్రసాదరావు గారి 'కాసేపు మాట్లాడుకుందాం'. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని మైకు సరిగ్గా పలుకుతోందో లేదో చూడడం, ప్రేక్షకులు ఫోన్ చేస్తే ఎత్తి ఆయనకు కలపడం నా పని. మొదటి పని రోజూ చేసేదాన్ని. రెండోది చేసే భాగ్యం నాకు కలగలేదు. ఫోను మోగకపోలేదు. ఒకసారి గ్యాస్ బండ కావాలని మోగింది, ఇంకోసారి మా వీధిలో కేబుల్ రావట్లేదని తిట్టడానికి మోగింది.

ఆయన తండ్రి కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారట. ఈయన ఒక కంపెనీ స్టోర్స్‌లో ఇరవై రెండేళ్లు నట్లూ బోల్టులూ ఇచ్చి సంతకాలు పెట్టించుకుని, ఒకనాడు రాజీనామా రాసిచ్చి వచ్చేశారు. ఎందుకు సార్ అంటే, "అన్నేళ్లు కిటికీలోంచి చేతులే చూశానమ్మాయ్. ఆ చేతుల వెనక మనుషులేం మాట్లాడతారో వినాలనిపించింది" అన్నారు. ఆయన భార్య దీన్ని ఎలా తీసుకుందో ఎన్నడూ చెప్పలేదు. కిష్టారెడ్డిపేటలోని ఇంటి నుంచి ఆవిడ కట్టి పంపే టిఫిన్ డబ్బా మాత్రం ఒక్కరోజూ తప్పేది కాదు. కార్యక్రమం అయ్యాక టైర్ల దుకాణం మెట్ల మీద కూర్చుని తినేవారు.

ఆయన దగ్గరికి సినిమావాళ్లు రారు, నాయకులు రారు. లేత్ పనివాడు, బడి ఆయా, క్రేన్ నడిపే మనిషి, ఇలాంటివాళ్లను బతిమాలి తెచ్చుకునేవారు. ఒక్కొక్కరికీ మధ్యాహ్నమంతా కూర్చుని ప్రశ్నలు రాసుకునేవారు. "అడగడం గొప్ప కాదమ్మాయ్, అడిగాక నోరు మూసుకోవడం గొప్ప" అనేవారు. ఆ మాట అన్నంత తేలిక కాదని ఆయన్ను చూసే తెలుసుకున్నాను. ఒకసారి క్రేన్ డ్రైవర్‌ను, "అంత ఎత్తున ఒక్కడివే కూర్చుంటావు కదా, ఏం ఆలోచిస్తావు?" అని అడిగి ఊరుకున్నారు. నిమిషం దాటిపోయింది. నాకు హెడ్‌ఫోన్‌లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పాడైందేమోనని వైరు కూడా కదిపి చూశాను. అప్పుడా మనిషి మెల్లగా అన్నాడు: "కిందున్నోళ్లంత నన్ను మర్సిపోయిన్రేమో అనిపిస్తది సార్." ఇప్పుడు ఫోన్లు మోత మోగుతాయనుకుని దగ్గరికి జరిపి పెట్టుకున్నాను. ఒక్కటీ రాలేదు.

చానల్ యజమాని యాదగిరి అన్న చెడ్డవాడు కాదు గాని ఓపిక తక్కువ. "సార్, చెవిటోని ముందట శంఖం ఊదినట్టున్నది మీ ముచ్చట. ఫోన్లు రావాలె. దసరా దాక సూస్త, ఆ తర్వాత ఆ గంట పాటలకిస్త" అని తేల్చి చెప్పేశాడు. ఆ రోజు నుంచి ప్రసాదరావు గారికి నిద్ర లేదు. అద్దెకు కోటు తెచ్చారు. అది భుజాల దగ్గర జారిపోయేది. వెనకాల ప్లాస్టిక్ పూలు పెట్టించారు. చేతులు తిప్పుతూ మాట్లాడితే ఆకట్టుకుంటుందని ఎవరో చెబితే, విసనకర్రలా తిప్పడం మొదలుపెట్టారు. నాకు జాలీ వేసేది, చిరాకూ వేసేది. ఇంత మంచి మాటలు ఎవరికీ ఎందుకు పట్టవో నాకు అర్థమయ్యేది కాదు.

అసలు సంగతి ముత్తంగిలో తెలిసింది. ఒక లారీ డ్రైవర్‌ను కార్యక్రమానికి పిలుద్దామని మధ్యాహ్నం వెళ్లాం. టీ కొట్టు దగ్గర రెండు గంటల బి షిఫ్టుకు పోయే కార్మికులు కంపెనీ బస్సు కోసం నిలబడి ఉన్నారు. ఈయన్ను చూడగానే ఒకతను "అరే, టీవీ సారు!" అన్నాడు. ఇంకొకతను అచ్చం ఆయనలాగే తల వంచి, చేతులు తిప్పి, గడ్డం కింద వేలు పెట్టి చూపించాడు. అందరూ నవ్వారు. "రోజూ సూస్తం సార్ మిమ్ముల" అన్నారు. ప్రసాదరావు గారి ముఖం అలా వెలిగిపోవడం నేనప్పుడే చూశాను.

"మొన్నామధ్య క్రేన్ డ్రైవర్ చెప్పిన మాట విన్నారా మరి?" అన్నారు ఆత్రంగా.

చేతులు తిప్పినతను మొహమాటపడుతూ చెప్పాడు. "మాటలు తెల్వయి సార్. సౌండ్ పెట్టం. మాది ఒక్కటే రూము, పిల్లలు పండుకోని ఉంటరు. లేస్తే పరేషాన్."

"సౌండ్ లేకుండా నన్నెందుకయ్యా చూడడం?"

"షిఫ్టు ఇడ్సి ఇంటికొచ్చేసరికి పదకొండైతది సార్. అంత సప్పుడుండది. ఒక్కన్నే తినాలె. తినేటప్పుడు ఎదురుంగ ఒక మనిషుంటె మంచిగుంటది. పాటలల్ల మొఖాలు ఆగయి. మీరైతె ఆడ్నే కూసోని మంచిగ తలకాయ ఊపుతరు."

బస్సు వచ్చింది, వాళ్లు ఎక్కి వెళ్లిపోయారు. లారీ డ్రైవర్ సంగతి మేమిద్దరం మరిచిపోయాం. తిరిగొచ్చేటప్పుడు ఆయన, "అమ్మాయ్, వాళ్లు నన్ను చూసినట్టా, చూడనట్టా?" అన్నారు.

ఆ రాత్రి కార్యక్రమం మధ్యలో ఆయన బల్ల కింద నుంచి టిఫిన్ డబ్బా తీసి మూత తెరిచారు. కొంత అన్నం మూతలోకి తోడి అతిథిగా వచ్చి ఎదురుగా కూర్చున్న కుట్టుమిషన్ ఆవిడకు జరిపారు. ఆమె బిత్తరపోయి కెమెరా వైపు చూసింది. ఈయన పప్పన్నం కలుపుకుంటూనే ప్రశ్నలడిగారు. యాదగిరి అన్న నాకు ఫోన్ చేసి, "సారుకు పిచ్చి లేసిందా ఏంది? ముచ్చట వెట్టమంటె బువ్వ తింటున్నడు!" అని అరిచాడు. ఆపమంటావా అన్నాను. "నా ముందటనే తింటున్నట్టున్నది, ఎట్ల ఆపమంట?" అని అతనే తికమకపడి పెట్టేశాడు. అప్పటినుంచి అదే పద్ధతి అయిపోయింది.

దసరాకు పది రోజుల ముందు ఆయనకు జ్వరమొచ్చి రాలేదు. ఆ గంట పాటలు వేశాం. పదకొండుంపావుకు ఫోన్ మోగింది. ఎత్తితే గుసగుసగా ఒక గొంతు: "సారు రాలేదేంది?" పెట్టేలోపు ఇంకొకటి. అందరూ ఇంటివాళ్లు లేవకుండా గొంతు దించి మాట్లాడుతున్నారు. ఒకతని వెనకాల నీళ్ల చప్పుడు, బాత్రూములోంచి చేస్తున్నట్టున్నాడు. అందరిదీ దాదాపు ఒకటే ప్రశ్న. సారుకు మంచిగుందా, సారు తిన్నడా. రాసుకుంటూ రాసుకుంటూ నాకు ఏడుపొచ్చింది. పాటలు వేయడానికి వచ్చిన యాదగిరి అన్న నా చేతిలోంచి ఫోన్ లాక్కుని విని, నోరు తెరిచి అలాగే కుర్చీలో కూర్చుండిపోయాడు.

మర్నాడు జ్వరం తగ్గి వచ్చిన ఆయన, సంగతి విని ఎగిరి గంతేస్తారనుకున్నాను. యాదగిరి అన్న మిఠాయి కూడా తెప్పించాడు. "సార్, ఇగ మనకు తిరుగులేదు. మాట్లాడుడు గిట్ల ఏమొద్దు, మీరు తినుండ్రి సాలు. ఎనక పచ్చళ్ల బోర్డు పెడ్త" అన్నాడు. ప్రసాదరావు గారు నవ్వారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "అంతమంది చేశారు కదా, నేను రోజూ ఏమడుగుతున్నానో ఒక్కరైనా అడిగారా అమ్మాయ్?" అన్నారు. "లేదు సార్" అన్నాను. ఒక చిన్న అబద్ధం ఆడి ఉంటే నా సొమ్మేం పోయేది? ఆయన తలూపి, యాదగిరి అన్న దగ్గరికెళ్లి, "దసరా దాకా అన్నావుగా. దసరా దాకా మాట్లాడతాను. ఒక్కరు వింటే ఉంటాను, లేకపోతే నీ పాటలు వేసుకో" అన్నారు. కోరుకున్న ప్రేక్షకులు కాళ్ల దగ్గరికి వచ్చాక ఇదేం పంతమో మాకిద్దరికీ బోధపడలేదు. ఇంట్లో ఆవిడ ఏమందో మరి.

దసరా ముందు రాత్రి రావలసిన అతిథి పండక్కి ఊరెళ్లిపోయాడు. పదకొండు కావస్తోంది. ప్రసాదరావు గారు ఎదుటి కుర్చీ చూపించి, "నువ్వు కూర్చో" అన్నారు. మరి సౌండ్ ఎవరు చూస్తారు సార్ అన్నాను. "ఎవరూ వినరుగా, సౌండ్‌తో పనేముంది?" అన్నారు. ఆ మాటలో కోపం ఉందో వేళాకోళం ఉందో తెలియలేదు. కానీ ఎవరూ వినరన్న మాటకు నాకు ధైర్యం వచ్చింది. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నాను.

ఆయన అన్నం సగం నా వైపు జరిపి, "మీ ఇంట్లో ఎవరైనా బి షిఫ్టు చేశారా?" అని అడిగి ఊరుకున్నారు. మా నాయిన చేసిండు అన్నాను. ఆయనింకా ఊరుకునే ఉన్నారు. ఆ మౌనంలో కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

మా నాన్న కొండాపూర్ వైపు పల్లెలో పొలం కౌలుకిచ్చి, ఇక్కడ ఒక్క గది కిరాయికి తీసుకుని కంపెనీలో చేరాడు. నేను ఇంటర్‌లో ఉండగా గుండెపోటుతో పోయాడు. ఈ రెండు ముక్కలూ నేను ఎవరికైనా చెప్పేవే. ఆ రాత్రి మూడోది కూడా చెప్పాను. "పదకొండింటికి నాయిన అచ్చేటోడు సార్. నాకు మెలకువుండేది. లేస్తే అన్నం పెట్టాలె, ఆయనతోని మాట్లాడాలె అని కండ్లు మూసుకోని పండుకున్నట్టే ఉంటుంటి. రోజూ. ఆయన ఒక్కడే తినేటోడు. మూడేండ్లు అట్లనే చేసిన." చెప్పాక చేతిలోని ముద్ద తిరిగి అన్నంలోనే పెట్టేశాను. ప్రసాదరావు గారు నన్ను ఓదార్చలేదు, తలూపనూ లేదు. ఆయన కూడా తినడం ఆపేశారు.

ఇంటికి వెళ్లేసరికి పన్నెండున్నర. తొమ్మిదింటికే పడుకునే మా అమ్మ లైటు వేసుకుని కూర్చుని ఉంది. టీవీ మోగుతోంది, సౌండ్ పెట్టి ఉంది. పక్కింటాయన షిఫ్టు నుంచి వచ్చి తింటూ తెరమీద నన్ను చూసి, తలుపు కొట్టి ఆమెను లేపాడట. అమ్మ తల ఎత్తకుండానే మాట్లాడింది.

"నువ్వొక్కదానివే గాదు బిడ్డ. నేను గూడ నిద్ర పోకపోతుంటి. మీ నాయిన గిన్నె మూత తీసిన సప్పుడు ఇనవడ్తుండె. లేస్తే మళ్ల నిద్ర పట్టది, నాలుగింటికి క్యాంటీన్ల రొట్టెలు చేయ పోవాలె గద అని గోడ దిక్కు తిరిగి అట్లనే ఉంటుంటి."

"నాయినకు తెలుసునా అమ్మా?"

"ఏమో. గిన్నె మాత్రం మెల్లగ పెడ్తుండె" అంది. ఇద్దరం ఏడ్చాం. ఒక్క గదిలో మూడేళ్లు ఇద్దరం మేలుకుని ఉండి, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఎలా గడిపామో ఆ రాత్రి ఎంత ఆలోచించినా అంతుచిక్కలేదు.

పొద్దున ప్రసాదరావు గారికి ఫోన్ చేశాను. "ఎవరైనా చేశారా?" అన్నారు. "ఫోన్ రాలే సార్. కని ఒకరు ఇన్నరు. సౌండ్ పెట్టుకోని." "చివరిదాకా విన్నారా?" అన్నారు. "చివరిదాక సార్." ఆయన గొంతు సవరించుకుని, పండగ శుభాకాంక్షలు చెప్పి పెట్టేశారు. ఎవరు విన్నారని మాత్రం అడగలేదు. రోజూ మధ్యాహ్నమంతా ప్రశ్నలు రాసుకునే మనిషి ఆ ఒక్కటీ ఎందుకు అడగలేదో నాకు తెలియదు. ఒక్కరు వింటే ఉంటానన్న మాట ప్రకారం ఆ గంట ఇంకో రెండేళ్లు నడిపారు, ఆరోగ్యం చెడేదాకా. ఆయన పోయి నాలుగేళ్లవుతోంది. ఆయన గెలిచారా అని ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

నాకు పెళ్లయింది. మా ఆయనా షిఫ్టుల మనిషే. బి షిఫ్టు వారంలో నేను మేలుకుని ఉండాలని చూస్తాను గాని పగలంతా పనిచేసిన ఒళ్లు, కొన్ని రోజులు నిజంగానే నిద్రపోతాను. లేపకపోతే ఊరుకోనని చెప్పాను. ఆయన లేపడు. మూత చప్పుడు కాకుండా తీస్తాడు. అయినా నాకు మెలకువ వస్తుంది. లేచి వెళ్లి ఎదురుగా కూర్చుని, ఇయ్యాల ఎట్లయింది అని అడిగి, నోరు మూసుకుంటాను.