ఆపే తీగ పీకేసిన పడవ

2022లో వానలు వెనకబట్టిన రోజులు. చేవెళ్ల నుంచి మొయినాబాద్ వచ్చే రోడ్డు మీద నా రేకుల షెడ్డు. అప్పటికే పాతికేళ్లుగా పంపులు, మందు కొట్టే స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు బాగుచేస్తున్నాను. చుట్టుపక్కల పూలతోటల స్ప్రేయర్లలో నా చేయి పడనిది లేదు. నేను షెడ్డు ముందు దగ్గితే చాలు, రోడ్డవతల ఆగిపోయిన బండి స్టార్టవుతుందని పేరు. ఆ పేరు పెట్టింది నేనే, అది వేరే సంగతి.

ఒక పొద్దున ట్రాలీ ఆటో ఆగింది. దిగింది పోశవ్వ. పక్క ఊరి చెరువులో చేపలు పట్టే సొసైటీకి ఆమె అధ్యక్షురాలు. ఆటోలో గోనెసంచి కప్పి పడుకోబెట్టిన పడవ ఇంజన్ ఉంది. పడవ వెనక చెక్కకు బిగించే రకం, అవుట్‌బోర్డ్ అంటారు. ఒకప్పుడు దానికి ఏ రంగు వేశారో దాన్ని చేసినవాడు కూడా చెప్పలేడు.

స్టార్టవుతుందట, పావుగంట నడుస్తుందట, ఆగిపోతుందట. అరగంట ఆగితే మళ్లీ లేస్తుందట. పట్నం షోరూం వాళ్లు సామాను దొరకదు, పాతసామాన్లకు వేసి కొత్తది కొనుక్కొమ్మన్నారు. చెరువు పెద్దది. తెడ్డు వేసుకుంటూ అవతలి గట్టు వలల దగ్గరికి పోయి వచ్చేసరికి చేపలు మెత్తబడుతున్నాయి. సభ్యుల్లో సగం మంది విసిగిపోయి, చెరువును ఐదేళ్లకు ఒక కాంట్రాక్టర్‌కు అప్పగిద్దామంటున్నారు. ఆదివారం కట్ట మీద అందరూ కూర్చుంటారు. ఆ రోజు పడవ ఆగకుండా చెరువు చుట్టి వస్తే సరి, లేకపోతే చెరువు కాంట్రాక్టర్‌ది.

"మా చెరువుల మేమే కూలికి చేపలు పట్టాలెనా బిడ్డా?" అన్నది పోశవ్వ. పోతూ పోతూ ఇంకో మాట కూడా చెప్పింది. "దీన్ని ఎడమ దిక్కు మలిపితే అలుగుతది. ఆ దిక్కు దీనికి పడది."

"ఇంజన్లకు వాస్తు చూసుడు నాకు రాదవ్వా" అని నవ్వాను. ఆమె నవ్వలేదు. ఈ నవ్వు సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ సమయానికి షెడ్డులో మోకిల నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఆయన ఉన్నాడు. కోస్తా మనిషి. తన లాన్‌కు గడ్డి మిషన్ రిపేరుకు తెచ్చాడు. ఇంజన్ వంక చూసి, "సముద్రం లేని ఊళ్లో పడవ మెకానిక్కా అండీ? మా వైపు వాళ్లే దీన్ని ముట్టుకోరు" అన్నాడు. అంతవరకు నాకు భయంగానే ఉంది. ఆ మాటతో భయం పోయింది, పంతం వచ్చి కూర్చుంది.

ఇంజన్ నెత్తిన తిరిగే బరువు చక్రాన్ని, అంటే ఫ్లైవీల్‌ను, పుల్లర్ వేసి ఊడదీశాను. కింద పాతకాలపు ఇగ్నిషన్. పాయింట్స్ అంటే రెండు చిన్న లోహపు ముక్కలు. ఫ్లైవీల్ తిరిగినప్పుడల్లా అవి కలిసి విడిపోతుంటాయి. విడిపోయిన క్షణంలోనే కాయిల్ నుంచి ప్లగ్గుకు నిప్పురవ్వ పోతుంది. ఆ ముక్కల మధ్య మంట లేవకుండా కాపాడేది కండెన్సర్, వేలెడంత డబ్బా. పాయింట్స్ గుంటలు పడి ఉన్నాయి. కండెన్సర్ మీద అనుమానం వచ్చి పక్క సెలూన్ నుంచి జుట్టు ఆరబెట్టే మిషన్ తెచ్చాను. ఫ్లైవీల్ మళ్లీ బిగించి, చల్లగా ఉన్నప్పుడు తాడు లాగితే ప్లగ్గు దగ్గర నీలం రవ్వ. ఫ్లైవీల్ కంతల్లోంచి వేడిగాలి పట్టి లాగితే పసుపు రవ్వ. ఇంకొంచెం పట్టాక అదీ లేదు. వేడెక్కితే ఎందుకు చస్తుందో తెలిసిపోయింది.

మళ్లీ పాతవే వేద్దామంటే దొరకవు. నా కళ్లు సాఫ్ట్‌వేర్ ఆయన గడ్డి మిషన్ మీద పడ్డాయి. దాన్లో పాయింట్స్ ఉండవు, కండెన్సర్ ఉండదు. చిన్న ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఆ రెండు పనులూ చేస్తుంది, అరగడానికి దాన్లో ఏమీ లేదు. పాత ఇంజన్లకు పెట్టే అలాంటిదే ఒకటి పట్నం నుంచి తెప్పించి, పాత కాయిల్‌కే కలిపాను. ఆయన మిషన్ నుంచి పీకానని ఊళ్లో చెప్పుకుంటారు. నమ్మకండి. ఒక పూట పెట్టి చూశానంతే.

ఇలాంటి ఇంజన్‌ను నీళ్లు లేకుండా నడిపితే కాలిపోతుంది. నీలం డ్రమ్ము కోసి నీళ్లు నింపి, దాని అంచున పెట్టిన చెక్కకు ఇంజన్‌ను బిగించి తాడు లాగాను. గంటన్నర నడిచింది. అది చిమ్మిన నీళ్లకు రోడ్డవతల చాయ్ తాగుతున్న ఇద్దరికి ఆ రోజు ఇంటికి పోయి స్నానం చేయాల్సిన పని పడలేదు.

ఆదివారం కట్ట నిండా జనం. కాంట్రాక్టర్ తెల్లకారుకు ఆనుకుని నిలబడ్డాడు. పోశవ్వ నన్నూ ఎక్కమన్నది. మోకాలు దాటిన నీళ్లు నేను బావిలో పైనుంచి చూడటమే తప్ప దిగింది లేదు. రెండు ఖాళీ ఆయిల్ డబ్బాలు నడుముకు కట్టుకుని ఎక్కాను.

"ఏం యాదగిరీ, చెరువుల గడ్డి కోస్తవా?" అన్నాడు కాంట్రాక్టర్. కట్ట మీద నవ్వులు.

మొదటి లాగుకే స్టార్టయింది. చెరువు నడిమి దాకా బాణంలా పోయాం. అక్కడ పోశవ్వ హ్యాండిల్ తిప్పి పడవను ఎడమకు మలిపింది. ఇంజన్ ఆగిపోయింది. తాడు లాగాను, లేచింది. మళ్లీ మలిపింది, మళ్లీ ఆగింది. కట్ట మీద నుంచి ఈల వినిపించింది.

"మొదటి దినమే చెప్పిన" అన్నది పోశవ్వ. "నువ్వు వాస్తు అన్నవు."

అప్పుడు వెలిగింది. డ్రమ్ములో ఇంజన్ ఒకే దిక్కు చూస్తూ నిలబడింది, దాన్ని నేను ఎటూ మలపలేదు. ఇంజన్ ఆపే బటన్ నుంచి ఒక తీగ లోపలికి పోతుంది. ఆ తీగ ఇంజన్ బాడీకి తగిలితే రవ్వ పుట్టదు, ఆపడమంటే అంతే. హ్యాండిల్ మెడ దగ్గర వేలు పెట్టి చూశాను. తీగ తొడుగు అరిగి రాగి బయటపడింది. ఎడమకు మలిపినప్పుడల్లా అది బాడీకి తగులుతున్నది. ఎవరూ బటన్ నొక్కకుండానే ఇంజన్ తన గొంతు తనే పిసుక్కుంటున్నది. వేడికి ఆగడం ఒక రోగం, ఇది రెండోది. మొదటిది దొరికిందని నేను రెండోదాన్ని వెతకనే లేదు.

తీగలు కోసే పక్కడ్‌తో ఆ తీగను మొదలంటా పీకేశాను. "ఇగ మలుపవ్వా, నీ ఇష్టం."

ఎడమకు మలిపింది. ఆగలేదు. ఇంకా ఎడమకు, గుండ్రంగా, ఒకటికి రెండు చుట్లు. అవతలి గట్టు ముట్టుకుని కట్టకు దగ్గరగా వచ్చేసరికి ఈల వేసినవాడు కనిపించలేదు. కాంట్రాక్టర్ చేయి ఊపుతూ, "సాలు, సాలు, ఆపుండ్రి" అని అరిచాడు.

ఆపడానికి తీగ ఏది? పెట్రోల్ ట్యాప్ కట్టేశాను. కార్బరేటర్‌లో మిగిలిన పెట్రోల్ అయ్యేదాకా అది నడుస్తూనే ఉంటుందని చెప్పాను. పోశవ్వ హ్యాండిల్ వదల్లేదు. కట్ట పొడుగునా, ఆ తెల్లకారు ముందు నుంచి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా పడవను నడిపింది. ఆ చివరి చుట్టు ఎవరి కోసమో నేను అడగలేదు. చెరువును కాంట్రాక్టర్‌కు ఇచ్చేది లేదని సొసైటీ ఆ పూటే తేల్చేసింది.

మర్నాడు కొత్త తీగ, కొత్త బటన్ పట్టుకుని పోయాను. ఈసారి తీగను మలుపు దగ్గర వదులుగా వదిలి, రబ్బరు తొడిగి కట్టాను. పోశవ్వ నాలుగైదు సార్లు ఎడమకు మలిపి, బటన్ నొక్కి చూసుకుంది. "ఆపుడు మా చేతుల ఉండాలె బిడ్డా" అన్నది.

ఆ కేసు నాకు నేర్పింది రవ్వ గురించి కాదు, అది నాకు ముందే వచ్చు. ఇప్పుడు ఏ మిషన్ వచ్చినా పానా పట్టకముందు తెచ్చినవాళ్లను ఒకటే అడుగుతాను, ఇది ఏ దిక్కుకు అలుగుతుందని. పట్నం మెకానిక్కులు నవ్వుతారు. నవ్వనీయండి. నేనూ నవ్వినవాణ్నే, నడి చెరువులో, నడుముకు ఆయిల్ డబ్బాలతో కూర్చునేదాకా.