మంచం కింద సముద్రం

ఉప్పాడలో అమ్మమ్మ ఇంటికీ, అలలు కొట్టే రాళ్లగట్టుకీ మధ్య ఇప్పుడు రెండిళ్లే మిగిలాయి. ఆ మధ్యాహ్నం నేను హైదరాబాద్ నుంచి దిగేసరికి ఆమె మంచం మీద కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుంది.

"చెప్పులు తడిసిపోతాయే, పైకెక్కు," అంది.

నేల పొడిగా ఉంది.

వారంగా దగ్గు, జ్వరం. చేపల వేలానికి వెళ్లొచ్చిన మావయ్య వయసు నీరసమని తేల్చేశాడు. జ్వరమొస్తే వాళ్లింట్లో చప్పిడి పథ్యమే, ఉప్పు ముట్టనివ్వరు. నేను ఫోన్లో వెతికాను. పెద్దవాళ్లు తికమకగా మాట్లాడితే ఒంట్లో నీళ్లు తగ్గి ఉండొచ్చని ఉంది. మూత్రం కూడా కొంచెమే వస్తోంది, చిక్కటి పసుపు రంగులో. ఇంకేం కావాలి నాకు. గంటగంటకీ అలారం పెట్టి, మోగినప్పుడల్లా గ్లాసుడు తాగించాను.

"మునిగిపోతున్నానే, ఆపు."

"తాగు అమ్మమ్మా. ఇంట్లో ఎవరూ పట్టించుకోకపోతే ఇలాగే ఉంటది," అన్నాను, మావయ్యకి వినపడేలా.

"పట్నం డాక్టరమ్మ గారొచ్చారండి, అందరూ తప్పుకోండి," అన్నాడాయన.

మర్నాడు పొద్దున్న ఆమె మంచం మీంచి వంగి, పొడి నేలకి వేలు అద్ది నాలిక్కి రాసుకుంది. కూర రుచి చూసినంత మామూలుగా.

"ఇదేం సముద్రమే. ఉప్పే లేదు."

కాసేపటికే ఆమెకి ఫిట్స్ వచ్చాయి.

కాకినాడ ఆసుపత్రిలో డాక్టరు గారు రిపోర్టు చూసి నన్నడిగారు. "నీళ్లు బాగా పట్టించారా అమ్మా?"

గర్వంగా అవునన్నాను.

"ఈవిడికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేసిందండి. దానివల్ల ఒక హార్మోను అతిగా వస్తోంది. నీళ్లు బయటికి వదలొద్దని కిడ్నీలకి చెబుతూనే ఉంటుంది. తాగిన నీళ్లన్నీ లోపలే ఉండిపోయి రక్తంలో సోడియం పల్చబడింది. మెదడు ఉబ్బింది."

"అయితే ఉప్పు ఎక్కించేయండి, త్వరగా."

"త్వరగా పెరిగితే మెదడుకే దెబ్బ. మెల్లిగా చెయ్యాలి. నీళ్లు మాత్రం మేం చెప్పినన్నే ఇవ్వండి."

ఫోన్ సైలెంట్‌లో పెట్టి పక్కన కూర్చున్నాను. రెండు రోజులు ఆమె అడిగింది. "గుక్కెడు పొయ్యవే." నేను తల తిప్పుకున్నాను. మావయ్య తిట్టినా బాగుండేది.

మూడో రోజు కళ్లు తెరిచి నన్ను తేరిపార చూసింది.

"ఎప్పుడొచ్చావే? ఇలా చిక్కిపోయావేంటి?"

ఏదీ గుర్తులేదంది. సముద్రం సంగతి నేనూ ఎత్తలేదు.

ఇంటికొచ్చిన సాయంత్రం మంచం మీంచి కాళ్లు కిందికి వేలాడేసి, మావయ్యతో ఆ రోజు చేపల రేటు గురించి వాదిస్తోంది. సైలెంట్ తీసేసిన ఫోన్ నా చేతిలో మోగింది. తీసెయ్యడం మర్చిపోయిన అలారం.

మాట ఆపకుండానే, ఇటు చూడకుండానే, ఆమె రెండు కాళ్లూ మంచం మీదికి తీసుకుంది.

నేల వైపు చూడకుండా అలారం తీసేశాను.