అలక కుర్చీ

చిన్నమ్మమ్మకి ముక్కు మీద కోపం. ఆ సంగతి ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. ఇక ఆ తర్వాత ఎంత మంచి చెప్పినా భజన చేస్తున్నారని ఎవరూ అనరు.

ఆవిడ వయసంతా స్వెట్టర్ల ఫ్యాక్టరీలోనే గడిచింది. మిషన్ల మీద అల్లిన స్వెట్టర్లలో ఎక్కడో ఓ కుట్టు జారుతుంది, ఇంకెక్కడో ఓ పోగు తెగుతుంది. అలాంటివన్నీ తెచ్చి ఆవిడ బల్ల మీద కుప్ప పోసేవాళ్లు. క్రోషా సూదితో జారిన కుట్టుని కొసన పట్టుకుని, మెల్లిగా పైకి లాగి, తెగిన చోటు కన్నతల్లికి కూడా కనిపించకుండా సరిచేసి అవతల పడేసేది. ఎవరైనా వెనక నిలబడి తొందరపెట్టారో, "నాకున్నవి రెండు చేతులే. నీకేమో పది నోళ్లున్నట్టున్నాయి, వెళ్లి వాటితో అల్లుకో" అనేది. పెళ్లెందుకు చేసుకోలేదమ్మా అని అడిగిన వాళ్లకి తీరిక దొరకలేదని చెప్పేది. అడిగినవాళ్లు నవ్వేవారు గానీ ఆవిడ మాత్రం నవ్వేది కాదు.

కొత్త మిషన్లు వచ్చాక ఫ్యాక్టరీ వాళ్లు ఆ బల్ల ఎత్తేశారు. ఇంకేముంది, మనిషి ఇంట్లో కూర్చుంది. ఉన్నది ఒకటే గది. కిటికీ పక్కన కుర్చీ, మంచం కింద ఊలు ఉండల సంచి. పలకరించేవాళ్లు లేక, పోట్లాడేవాళ్లు అంతకంటే లేక, కోపం కూడా తుప్పు పట్టే దశకొచ్చింది.

అలాంటి రోజుల్లో ఆవిడ అక్క కూతురు వచ్చి తలుపు కొట్టింది.

"పిన్నీ, మా పిల్లలకి చేతిపనులు నేర్పవూ?"

"పిల్లలకా? నేనా? నా కోపం సంగతి తెలిసే అడుగుతున్నావా?"

"వాళ్ల అల్లరి సంగతి నీకు తెలీదుగా. చెల్లుకి చెల్లు."

వీధిలో నాలుగైదు కుటుంబాల వాళ్లు పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుంటున్నారు. చదువంతా ఈ అక్క కూతురి ఇంట్లోనే, అన్నాలు తినే పొడుగు బల్ల మీదే. తలా ఒక సబ్జెక్టు పంచుకున్నారు. పక్క వీధి బస్సు డ్రైవరు డ్యూటీ దిగి, ఓ కునుకు తీసి, లెక్కలు చెప్పడానికి వచ్చేవాడు. ఆయన లెక్కల్లో బస్సులు తప్ప ఇంకేమీ ఉండవు, ఆ బస్సులేమో ఎప్పుడూ ఆలస్యమే. సైన్సు వంటింట్లో జరిగేది, గిన్నెలు మాడేవి. "ఇవాళ బడి లేదా?" అని దారినపోయేవాళ్లు అడిగితే, "ఉంది, స్టవ్ మీద ఉంది" అని పిల్లలు జవాబిచ్చేవాళ్లు. అన్నిటికీ మనుషులు దొరికారు గానీ చేతిపనులకీ బొమ్మలకీ ఎవరూ దొరకలేదు.

చిన్నమ్మమ్మ బిగుసుకుపోయి, గొణిగి, చివరికి వెళ్లింది. అక్క కూతురి పిల్లలకి వరసకి చిన్నమ్మమ్మ కాబట్టి మిగతా పిల్లలు కూడా అదే పిలుపు పట్టుకున్నారు.

మొదటిరోజు బొమ్మ గీయమంటే అందరూ ఒకటే ఇల్లు, రెండు కొండలు, మధ్యలో సూర్యుడు గీసి పట్టుకొచ్చారు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసింది.

"ఈ ఇల్లెవరిదిరా? ఎవరూ ఉండని ఇల్లు నాకెందుకు? నీ చెప్పు తీసి బల్ల మీద పెట్టు. దాన్ని గియ్యి."

టీ పట్టుకుని లోపలికొచ్చిన అక్క కూతురు అన్నం బల్ల మీద వరసగా చెప్పులు చూసి, నోరు తెరిచి, పిల్లలు గీస్తున్న తీరు చూసి మళ్లీ మూసుకుంది. అక్క కూతురి కొడుక్కి ఎప్పుడూ నోరు మూతపడదు, ప్రశ్నల పుట్ట అంటారు వాణ్ణి, అలాంటివాడు ఆ పూట ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అరిగిన మడమ ఎలా గీయాలా అని తంటాలు పడుతున్నాడు పాపం.

మట్టి పిసికారు, కాగితపు పట్టీలతో చాపలు అల్లారు, అట్టముక్కలతో పెట్టెలు చేశారు. ఆవిడ అరుస్తూనే ఉండేది, వాళ్లు నవ్వుతూనే ఉండేవాళ్లు. అన్నేళ్లు ఫ్యాక్టరీలో ఆవిడ అరిస్తే జనం పక్కకి తప్పుకున్నారు. ఇక్కడేమో అరిచినకొద్దీ వచ్చి మీద పడుతున్నారు. ఇదేం వింతో ఆవిడకి అంతుపట్టలేదు. అంతుపట్టకపోయినా బాగుంది.

ఆ గుంపులో ఒకతె మిరపగింజ. ఆ పేరు పెట్టింది చిన్నమ్మమ్మే. మనిషి చూస్తే ఇంతే ఉంటుంది, కారం మాత్రం దండిగా ఉంటుంది. డ్రైవరు కూతురు. ఎడమచేతి వాటం. మట్టి పిసికినన్నాళ్లూ ఏ చెయ్యయితే ఎవరికేం పట్టింది? చిక్కంతా క్రోషా మొదలుపెట్టాకే వచ్చింది.

చిన్నమ్మమ్మ నేర్పే పద్ధతి ఒకటే. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటుంది, తను చేస్తుంది, ఆ చేతులు చూసి వాళ్లు చేయాలి. అందుకే బల్లకి ఒక్క వైపే అందరూ, ఫొటోకి కూర్చున్నట్టు ఇరుక్కుని కూర్చునేవాళ్లు. ఆవిడకి ఆనుకుని ఉన్న చోటు కోసం వంతులు, తోపులాటలు. మిరపగింజ వంతు వచ్చింది. ఆవిడ చేతుల వైపు చూసి ఎడమచేత్తో చేయబోతే మోచేతులు కొట్టుకున్నాయి, సూది అడ్డం తిరిగింది, ఊలు చిక్కుపడింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు చిన్నమ్మమ్మ ఓపిక కాస్తా అయిపోయింది.

"ఆ సూది కుడిచేతిలోకి మార్చవే!"

"మార్చను. ఇది నా చెయ్యి."

"నా క్లాసులో నేను చెప్పినట్టే చెయ్యాలి."

"అయితే నాకు నీ క్లాసొద్దు, నువ్వూ వద్దు!"

ఆ పిల్ల లేచింది. కుర్చీని నేల మీద కీచుమనిపిస్తూ బల్ల చుట్టూ ఈడ్చుకెళ్లి, అవతలి వైపు ఒంటరిగా కూలబడింది. మూతి ముడుచుకుని, కళ్లనిండా నీళ్లతో. చిన్నమ్మమ్మ కూడా తక్కువ తిన్లేదు. మొహం మాడ్చుకుని, తల వంచుకుని, తన అల్లిక తను అల్లుకోసాగింది. మిగతా పిల్లలు ఇద్దరి వంకా మార్చి మార్చి చూశారు.

కాసేపటికి ప్రశ్నల పుట్ట ఉండబట్టలేక అన్నాడు. "చిన్నమ్మమ్మా, అటు చూడు. నువ్వు అద్దంలో చూసుకుంటున్నట్టు లేదూ?"

ఆవిడ తలెత్తింది. ఎదురుగా ఆ పిల్ల ముక్కు ఎగబీలుస్తూనే ఆవిడ చేతుల్ని కొరకొరా చూస్తోంది. ఆవిడ సూది ఇటు తిరిగితే ఆ పిల్ల సూది అటు తిరుగుతోంది. చేతుల కింద గొలుసు అల్లిక ఒకటి వేలాడుతోంది. వంకరే. అయినా గొలుసే.

"ఎలా చేశావే?" అంది చిన్నమ్మమ్మ.

"నీ మీద కోపంతో చేశా."

ఆవిడ పగలబడి నవ్వింది. అలా నవ్వి ఎన్నేళ్లయిందో ఆవిడకే గుర్తులేదు. ఆ రోజు నించి ఆ కుర్చీకి అలక కుర్చీ అని పేరు పడింది, అది మిరపగింజకి ఖాయమైంది. ఎదురుగా కూర్చుని ఆ పిల్ల టోపీలు అల్లింది, సంచులు అల్లింది, వాళ్ల నాన్న స్టీరింగుకి తొడుగు కూడా అల్లింది. ఆవిడ అటు నించి కేకేసేది. "దారం పీక నొక్కకే, ఊపిరాడనివ్వు! అదేం పారిపోదు!"

అన్నీ బాగానే ఉన్నా ఆ పిల్లకి ఒక్క దిగులు. ఎప్పుడు చూసినా బల్లకి అవతల తను ఒక్కతే.

"నాకు పక్కన చోటెప్పుడు?" అని అడిగిందోసారి.

"నీకు పని రావాలా, పక్కన చోటు కావాలా?"

"రెండూ కావాలి."

"రెండూ కుదరవు" అంది చిన్నమ్మమ్మ. ఆ పిల్ల మొహం చూశాక, కాస్త మెత్తగా చెప్పి ఉండాల్సింది అనుకుంది. ఆవిడకి మెత్తగా చెప్పడం ఎప్పుడు చేతనైంది కనక!

వానాకాలంలో తడిసిన మెట్ల మీద చిన్నమ్మమ్మ జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక చూస్తే వేళ్లు మొద్దుబారిపోయి ఉన్నాయి. గ్లాసు పట్టుకుంటాయి, తలుపు తోస్తాయి, సూది మాత్రం వాటి మధ్య నిలవదు. డాక్టరు మంచి మనిషే. "ఇక సన్నపని మీద ఆశ పెట్టుకోకండమ్మా" అని నెమ్మదిగానే చెప్పాడు. ఎంత నెమ్మదిగా చెప్తే మాత్రం ఏం లాభం, ఆవిడ కాళ్ల కింద నేల కదిలిపోయింది.

ఎడమచేత్తో ప్రయత్నించకపోలేదు. తలకి తెలిసిందంతా కుడిచేతి విద్యే. ఎడమచేతికి చెప్పబోతే అంతా తిరగబడిపోతోంది. విసుగెత్తి సూది విసిరికొడితే మంచం కిందకి దొర్లింది. ఆవిడ దాన్ని తియ్యలేదు. ఊలు సంచి అక్క కూతురి చేతిలో పెట్టేసింది.

"వేరే మనిషిని చూసుకోవే."

"పిల్లలు నీ కోసం అడుగుతున్నారు పిన్నీ."

"చిన్నమ్మమ్మ చచ్చిందని చెప్పు."

"ఛ, అవేం మాటలు!"

"మరేం చెప్పమనను? నోటితో నేర్పే విద్య కాదే ఇది. చేసి చూపించాలి. చూపించే చెయ్యే పోయాక నేనెందుకక్కడ? టీ తాగడానికా?" అని గోడ వైపు తిరిగింది. ఆవిడకి ఉన్నదల్లా ఆ ఒక్క పనే. ఆ పిల్లలు కూడా ఆ పని వల్లే దక్కారు. అది పోతే వాళ్లూ పోయినట్టేనని ఆవిడ గట్టిగా నమ్మింది, కుమిలిపోయింది.

ఓ మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీసి చూస్తే డ్రైవరు, చెమటలు కక్కుతూ, నెత్తి మీద కుర్చీతో. వెనకే మిరపగింజ, చేతిలో ఊలు సంచి.

"ఇదేం అవతారమండీ?" అంది చిన్నమ్మమ్మ.

"నన్నడక్కండి పిన్నిగారూ, దీన్నడగండి. మీ ఇంట్లోనూ కుర్చీలుంటాయే అంటే వినదే! ఈ కుర్చీయే కావాలట. రెండు వీధులు మోసుకొచ్చాను. జనం నన్ను చూసి ఇల్లు మారుతున్నామనుకున్నారు."

మిరపగింజ ఎవరి మాటా వినిపించుకోలేదు. అలక కుర్చీని కీచుమనిపిస్తూ ఈడ్చుకెళ్లి కిటికీ దగ్గర, ఆవిడ కుర్చీకి ఆనించి వేసింది.

"కూర్చో చిన్నమ్మమ్మా."

"నీ చోటు ఎదురుగా కదే?"

"ఎదురుగా కూర్చుంటే అద్దంలోలా తిరగబడిపోతుంది. నీకిప్పుడు ఎడమచెయ్యి కావాలి, నాది ఎడమచెయ్యి. ఉన్నది ఉన్నట్టు కనిపించాలంటే పక్కనే కూర్చోవాలి."

చిన్నమ్మమ్మ కళ్లజోడు సర్దుకుంది. వెళ్లి కూర్చుంది. ఆ పిల్ల సంచిలోంచి సూది తీసి ఆవిడ ఎడమచేతిలో పెట్టింది. మొద్దుబారిన కుడి వేళ్ల మీద దారం చుట్టింది. దారం పట్టుకునేపాటి సత్తువ వాటికి ఉంది. తను చేసి చూపిస్తూ, ఆగి, ఆవిడ వైపు చూసి, మళ్లీ మొదలుపెట్టింది. ఆవిడ సూది దూర్చబోయింది. కుట్టు జారింది. మళ్లీ జారింది. ఆవిడ పళ్లు కొరుక్కుంటూ దారాన్ని బిగించి లాగింది.

"దారం పీక నొక్కకే!" అని గట్టిగా కేకేసింది మిరపగింజ. "ఊపిరాడనివ్వు. అదేం పారిపోదు."

గుమ్మంలో డ్రైవరు నాలిక్కరుచుకున్నాడు. పెద్దావిడతో ఆ మాటలేమిటని కూతుర్ని కోప్పడబోయాడు కూడా. చిన్నమ్మమ్మ వద్దన్నట్టు తల ఊపింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు గానీ ఆవిడ వేళ్లు మాత్రం వదులయ్యాయి. సూది లోపలికెళ్లింది, దారాన్ని పట్టుకుంది, బయటికొచ్చింది. ఒక కుట్టు పడింది. దాని పక్కన ఇంకొకటి.

"ఏమండీ," అంది డ్రైవరుతో, కళ్లు తుడుచుకోకుండానే. "మీ పిల్ల నా చెయ్యి నాకు తెచ్చిచ్చింది. దీని మేలు నేను చచ్చినా మర్చిపోను."

ఆయన కుర్చీ మోసిన తల రుద్దుకుంటూ నిలబడ్డాడు.

క్లాసు మళ్లీ మొదలయ్యే సరికి వానలు వెనకబట్టాయి, అలక కుర్చీ కూడా డ్రైవరు నెత్తి మీదే తిరిగొచ్చింది. చిన్నమ్మమ్మ తన పాత చోటులో, బల్ల మధ్యలో కూర్చుని ఎడమచేత్తో సూది పట్టుకుంది. పిల్లలు అలవాటు ప్రకారం ఆవిడ పక్కన చోటు కోసం తోసుకున్నారు. పక్కన కూర్చున్నవాడి మోచెయ్యి ఆవిడ మోచేతికి కొట్టుకుంది, సూది అడ్డం తిరిగింది, ఊలు చిక్కుపడింది. అందరూ మొహమొహాలు చూసుకున్నారు.

"లేవండి, లేవండి" అంది చిన్నమ్మమ్మ. "కుడిచేతి వాళ్లంతా అవతలికి పొండి."

కుర్చీలన్నీ కీచుకీచుమంటూ బల్ల చుట్టూ తిరిగి వెళ్లాయి. ఎదురుగా బారుకి బారు పిల్లలు. ఇవతల చిన్నమ్మమ్మ, ఆవిడ భుజానికి భుజం ఆనించుకుని అలక కుర్చీలో మిరపగింజ.

ప్రశ్నల పుట్టకి ఇది బొత్తిగా నచ్చలేదు. "మరి మాకు పక్కన చోటెప్పుడు?"

మిరపగింజ అల్లుతున్న టోపీ మీంచి తలెత్తకుండా అంది. "నీకు పని రావాలా, పక్కన చోటు కావాలా?"

చిన్నమ్మమ్మ తన కుర్చీని ఆ పిల్ల వైపు ఇంకొంచెం జరుపుకుంది.