శని ఆదివారాల ఆతిథ్య చదువు

పోయిన వారం ఉదయం పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో ఒక చిన్న ఫొటో కనిపించింది. కోట్లు వేసుకున్న ఇద్దరు పెద్దమనుషులు చెరొక కాగితాల అట్ట చేతిలో పట్టుకుని కెమెరా వైపు నవ్వుతున్నారు. ఆతిథ్య, పర్యాటక రంగాల్లో పీజీ చదువును మారుమూల ఊళ్లకు కూడా అందించడానికి రెండు విశ్వవిద్యాలయాలు ఒప్పందం చేసుకున్నాయని ఫొటో కింద రాశారు. చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. అలాంటి ఒప్పందమే ఒకప్పుడు నన్ను ఎక్కడెక్కడికో తీసుకుపోయింది, ఎందుకు తీసుకుపోయిందో ఇప్పటికీ నాకు సరిగ్గా అంతుపట్టదు. పెళ్లయి పిల్లలు పుట్టాక మళ్లీ పుస్తకం పట్టిన నా ఈడు ఆడవాళ్లకు ఈ అయోమయం కొత్తగా ఉండదనే నమ్మకంతో రాస్తున్నాను.

మాది కోయిలకుంట్ల. నాన్నగారిది పప్పులు, నూనెల వ్యాపారం. డిగ్రీ అయిన వెంటనే కడపలో లాడ్జి నడిపే ఇంటికి కోడలిగా వచ్చాను. కింద భోజన హోటలు, మధ్య అంతస్తుల్లో గదులు, అన్నిటికంటే పైన మా కాపురం. మామగారు కౌంటరులో కూర్చునేవారు, మా ఆయన సరుకులూ మరమ్మతులూ చూసుకునేవారు, వంటిల్లు మొత్తం అత్తగారి మాట మీద నడిచేది, నేను దుప్పట్లూ దిండుగలీబులూ చాకలికి వేయడం దగ్గర నుంచి దర్గా ఉరుసు రోజుల్లో వరండాలో చాపలు పరిపించడం దాకా అందరి పనిలోనూ కొంచెం కొంచెంగా ఉండేదాన్ని. కౌంటరు దగ్గరికి మాత్రం మా ఇంటి ఆడవాళ్లం ఎప్పుడూ వెళ్లలేదు. వద్దని ఎవరూ అనలేదు, వెళ్లాలని ఎవరికీ తోచలేదు, అంతే.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, కోస్తాలోని ఒక విశ్వవిద్యాలయం వాళ్లు మా ఊళ్లోని ఒక కాలేజీతో మాట్లాడుకోవడానికి వచ్చి మా లాడ్జిలోనే దిగారు. వాళ్లకు మళ్లీ ఒక విదేశీ విశ్వవిద్యాలయంతో పొత్తు ఉందట. ఏ డిగ్రీ ఉన్నా సరే, వయసు ఎంతైనా సరే, శని ఆదివారాల్లో వచ్చి కూర్చుంటే పర్యాటకంలో పీజీ చదవొచ్చని వాళ్లు చెబుతుంటే, గది తాళం ఇస్తూ మామగారు మాటవరసకు, మా కోడలు కూడా డిగ్రీ చదివిందని అన్నారు. ఆ మాటతోనే నా పేరు రాసుకుపోయారు. నేను చేరతానన్నానో, మామగారు చేరుస్తానన్నారో, వాళ్లే చేర్చేసుకున్నారో ఆ రోజే ఎవరికీ స్పష్టంగా తెలియదు.

అత్తగారు మాత్రం సంగటి కెలికే తెడ్డు పక్కన పెట్టి, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. "వచ్చినోళ్లకు అన్నం పెట్టి పడక చూపించేదానికి కూడా సదువుండాదామ్మా? అట్లయితే ఇన్నేండ్లుగా మనం చేస్తాండేది ఏంది?"

చదివితే తెలుస్తుందేమో అనుకున్నాను.

చదివాక ఇంకా తెలియకుండా పోయింది. పుస్తకాలు విదేశం వాళ్లవి, పరీక్షలు కోస్తా వాళ్లవి, బెంచీలు కడప వాళ్లవి. మేము ఎవరి విద్యార్థులమని అడిగితే ముగ్గురూ మావాళ్లే అనేవారు, ఏదైనా సందేహం వస్తే మాత్రం మిగతా ఇద్దర్నీ అడగమనేవారు. ఎండకు బండల నేల కూడా వెచ్చబడే ఆ గదిలో కూర్చుని మంచుకొండల మీది విడిదుల గురించీ, సముద్రంలో నెలల తరబడి తిరిగే ఓడల్లో భోజనాల ఏర్పాట్ల గురించీ చదివేవాళ్లం. కోస్తా నుంచి రాత్రంతా రైల్లో ప్రయాణం చేసి వచ్చిన మేడం పాఠం చెబుతూ చెబుతూ తానే ఆగిపోయి, ఇది మీకు ఎక్కడ పనికొస్తుందో నాకూ తెలియడం లేదని ఒకసారి నవ్వేశారు. ఆవిడంటే నాకు ఇష్టం కలిగింది ఆ రోజే.

మా తరగతిలో రాయచోటి నుంచి వచ్చే ఒకాయన ఉండేవారు, బస్సు కండక్టరు. డ్యూటీ దిగి ఖాకీ బట్టలతోనే నేరుగా తరగతికి వచ్చేవారు. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని. ఏళ్ల తరబడి యాత్రికులను కొండలకూ దర్గాలకూ చేరవేశారు, ఏ రోజుకైనా టికెట్లు కొట్టడం మాని ఆ చోట్ల గురించి జనానికి చెప్పే ఉద్యోగం చేయాలని ఆయన కోరిక. ఇంగ్లీషు ఆయనకు కష్టం, ఊళ్లు నాకు తెలియవు. నేను పేజీ చదివి అర్థం చెబితే ఆయన దానికి మన జిల్లాల్లో ఉదాహరణ వెతికేవారు. మా అమ్మాయికి కామెర్లు వచ్చి నేను కొన్ని వారాలు మానేసి, ఇక చాలనుకున్నప్పుడు, ఆయన లాడ్జికి వచ్చి మామగారి ఎదుటే అన్నారు.

"ఏమ్మా, నీకు అర్థం కాలేదని నువ్వు మానుకుంటే నేనెప్పుడో మానుకోవాల. పాపకు నయమైనాక రా. ఇద్దరం ఉంటే ఒకరికన్నా కొంచెం తెలుస్తాది."

మళ్లీ వెళ్లాను. ఆ ఏడాది అందరినీ అహోబిలం తీసుకుపోయి, ప్రశ్నల కాగితాలు చేతికిచ్చి, యాత్రికులకు సౌకర్యాలు ఎంత తృప్తికరంగా ఉన్నాయో అడిగి రమ్మన్నారు. మెట్ల మీద కూర్చున్న ఒక ముసలి జంటను అడిగాను. ఆదోని వైపు పల్లె నుంచి వచ్చారట. ఆయన నావైపు జాలిగా చూసి, "దేవుని కాడికొచ్చి బాగలేదని ఎట్ల చెప్తామమ్మా?" అన్నాడు. ఆయన భార్య, "కాళ్లు నొస్తాండాయి, అది రాసుకో," అంది. కాళ్ల నొప్పి ఎక్కడ రాయాలో తెలియక నేను ఖాళీగా వదిలేశాను, అన్న మాత్రం అందరూ శానా తృప్తిగా ఉన్నారని రాసేశారు, మేడం ఇద్దరికీ ఒకే మార్కులు వేశారు.

రెండో ఏడు సగంలో రైల్లో వచ్చే మేడం రావడం మానేశారు. విదేశం వాళ్లు పొత్తు వదులుకున్నారని కొందరు, కాదు కడప కాలేజీ వాళ్లే వద్దన్నారని కొందరు అన్నారు. ప్రిన్సిపాలు గారిని అడిగితే మీకేమైనా తెలిసిందా అని ఆయన తిరిగి మమ్మల్నే అడిగారు. కొన్నాళ్లకు కోస్తా వాళ్ల నుంచి కబురు వచ్చింది. పట్టా కావాలంటే చివరి టర్ము కోస్తాలోనే ఉండి చదవాలి, అక్కడి హోటల్లో శిక్షణ తీసుకోవాలి. ఉన్న ఊరు వదలక్కర్లేదని చేరినవాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు. అన్న సెలవు కోసం డిపో చుట్టూ తిరిగారు, దొరకలేదు.

మా ఇంట్లో ఎవరూ వెళ్లమనలేదు, వద్దనలేదు. మా ఆయన రోజూ ఏదో చెప్పబోయి సరుకుల సంగతి మాట్లాడేవారు. అత్తగారే ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతూ అన్నారు. "పోయి రామ్మా. పాపను నేను చూసుకుంటా. ఆ సదువులో ఏముండాదో తెలుసుకోనొచ్చి నాకూ చెప్పు."

బస్టాండుకు అన్న కూడా వచ్చారు. ఏదైనా ధైర్యం చెబుతారనుకుంటే, బస్సు టైర్ల వైపు చూస్తూ, "నువ్వన్నా పోతాండావు, సాలు," అన్నారు. నేను సంతోషించాలో బాధపడాలో తెలియక కిటికీ పక్కన సీటు దొరికిందని మాత్రం చెప్పాను.

ఆ పెద్ద హోటల్లో నన్ను చీర మీద పేరు బిళ్ల పెట్టించి కౌంటరులో నిలబెట్టారు. మొదటి రోజే, అలసిపోయి వచ్చిన ఒకాయన్ని భోజనం చేశారా అని అడిగాను. శిక్షణ ఇచ్చే అబ్బాయి నన్ను పక్కకు పిలిచి, అతిథుల సొంత విషయాలు అడగకూడదని మర్యాదగా చెప్పాడు. ఆకలి సొంత విషయం ఎట్లా అవుతుందో నాకు అర్థం కాలేదు. కానీ కౌంటరు వెనక నిలబడటం నాకు ఇష్టమైంది, అది మాత్రం అర్థమైంది. వ్యాసం రాయాల్సి వచ్చినప్పుడు ఎస్టీడీ బూత్ నుంచి అన్నకు ఫోన్ చేసేదాన్ని. మన కొండల్లో ఏ దారిన బస్సు పోతుందో, జనం ఎక్కడ దిగి నీళ్లు తాగుతారో ఆయన చెబుతూ ఉంటే రాసుకునేదాన్ని.

పట్టా వచ్చింది. దాని మీద కోస్తా వాళ్ల పేరు ఒక్కటే ఉంది. అన్న అడిగి మరీ తీసుకుని చాలాసేపు చూసి, మూలలు నలగకుండా నా చేతికిచ్చారు. అత్తగారికి నేను ఎంత విడమరిచి చెప్పినా, అన్నం పెట్టి పడక చూపించడం దగ్గరికే వచ్చి ఆగేదాన్ని. ఆవిడ నొచ్చుకోకుండా, "అంతేనా," అనేవారు. కొన్నాళ్లకు ఒక ఉదయం మామగారు కౌంటరు కుర్చీలోంచి లేచి, నన్ను కూర్చోమని చేయి చూపించారు. వచ్చినవాళ్లు మగవాళ్లెవరూ లేరా అని అడిగేవారు. నేను కూర్చునే ఉన్నాను. మామగారు పోయాక కూడా ఇన్నేళ్లుగా అక్కడే కూర్చుంటున్నాను. ఆ కుర్చీ నాకు చదివినందుకు దక్కిందో, ఊరు దాటి ఒంటరిగా ఉండి వచ్చినందుకు దక్కిందో తేల్చుకోలేకపోయాను.

ఆ తరగతులు మళ్లీ మొదలు కాలేదు. చాలా ఏళ్లు అన్న కనిపించినప్పుడల్లా, "మళ్లా ఎప్పుడు పెడతారంట?" అని అడిగేవారు, తర్వాత అడగడం మానేశారు. కండక్టరుగానే రిటైరయ్యారు. ఇప్పుడైతే ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. మా ఎదురింటి కోడలు ఇలాంటి పీజీనే వంటింట్లో ఫోన్ నిలబెట్టుకుని చదువుతోంది. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్లీ వింటుంది. ఆమె తరగతిలో ఇంకెవరున్నారో ఆమెకే తెలియదట. అది మేలో, మా చదువు మేలో నేను చెప్పలేను.

ఆ కాలేజీ ఉన్నచోట ఇప్పుడు కల్యాణ మంటపం కట్టారు. ఈమధ్య ఒక పెళ్లి భోజనానికి వెళ్తే అన్న కూడా వచ్చారు. చేతులు కడుక్కుని ఇద్దరం ఆవరణలో నిలబడి, మా తరగతి గది ఎటువైపు ఉండేదో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాం. ఆయన వంటశాల వైపు అన్నారు, నేను గేటు వైపు అన్నాను. కిటికీలోంచి ఎండ ఎటునుంచి పడేదో ఆలోచించి చూశాం, అయినా మాట కలవలేదు. అడుగుదామంటే మాతో చదివినవాళ్లు అక్కడ ఇంకెవరూ లేరు.