ముందు జవాబు పంపినందుకు

కృష్ణానగర్‌లో బస్సెక్కి నా పక్కన కూర్చున్న డబ్బింగ్ కళాకారుడి పేరు నేను అడగలేదు. నా ఒళ్లో ఉన్న లైబ్రరీ పుస్తకం అంతర్జాతీయ మధ్యవర్తిత్వం గురించని చూసి ఆయనే మాట కలిపాడు.

"ఒక్క కార్టూన్‌కి గొంతిచ్చానండీ. సింగపూర్ కంపెనీ దాన్ని కంప్యూటర్‌కి నేర్పి ప్రకటనలన్నిటికీ వాడేస్తోంది. ఇదేంటని అడిగితే, కోర్టు బదులు తీర్పు చెప్పే అక్కడి మధ్యవర్తుల దగ్గర నా మీదే కేసు వేసింది. గొడవొస్తే వాళ్లే తేల్చాలన్న ఒప్పందం మీద నేను సంతకమే పెట్టలేదు. అయినా విచారించే అధికారం తమకుందని ఆ మధ్యవర్తులే తేల్చేశారు."

చదివింది చెప్పే అవకాశం దొరికిందని పొంగిపోయాను. "ఫికర్ చెయ్యకండి సార్. వాళ్ల మాటే ఆఖరు కాదు. అధికారం ఉందా లేదా అని అక్కడి కోర్టు మొదట్నుంచి మళ్లీ చూస్తది."

ఆయన ముఖం వెలిగింది.

"సంతకం లేదని మొదట్లనే చెప్పిండ్రు గదా?" అడిగాను.

"లేదండీ. కంపెనీ లాయరు మర్యాదగా ఫోన్ చేసి, ముందు కేసుకి మీ జవాబు పంపండి, సంతకం సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. పంపాను."

మొదటి జవాబులోపు అభ్యంతరం చెప్పకపోతే అధికారాన్ని ఒప్పుకున్నట్టే. నిన్ననే ఆ నియమాన్ని ముచ్చటపడి నోటుబుక్కులో రాసుకున్నాను. ఇప్పుడు ఆయనకు చదివి వినిపిస్తుంటే, ఆ లాయరు మర్యాద దేనికో అర్థమైంది; నా ముచ్చటకి సిగ్గేసి నోటుబుక్కు మూసేశాను.

అంతలో ముందు సీట్లో ఎవరి ఫోన్లోనో ప్రకటన మొదలైంది. "మొండి మరకలా? ఒక్క ఉతుకుతో మాయం!" పక్కనున్న మనిషి గొంతే.

ఆయన చేత్తో నోరు గట్టిగా మూసుకున్నాడు. ఫిల్మ్‌నగర్‌లో దిగేదాకా ఆ చెయ్యి తీయలేదు.

ఇప్పటికీ ఆ ప్రకటన వస్తే ఫోన్ ఆపేస్తాను.