ఏడు దగ్గర ఆగిన గొంతు

నా చిన్నప్పుడు మేము మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్లం. నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు, అమ్మ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేది. నాకు తొమ్మిదేళ్లు. స్కూల్ బస్సు మూడున్నరకి దింపేది, అమ్మ వచ్చేసరికి అయిదున్నర దాటేది. ఆ రెండు గంటలూ నేను పక్కింట్లో గడిపేదాన్ని. అక్కడ డెబ్బై దాటిన అమెరికన్ పెద్దావిడ ఒక్కరే ఉండేవారు. పెళ్లి చేసుకోలేదు, బళ్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఎదురుగా ఉన్నప్పుడు ఆవిణ్ణి మిస్ అని పిలిచినా, ఇంట్లో మాకు ఆవిడ పక్కింటి బామ్మగారే. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషు. అయినా ఇన్నేళ్లుగా ఆ మాటలు నా మనసులో తెలుగులోనే తిరుగుతున్నాయి కాబట్టి అలాగే రాస్తాను.

ఈ సంగతి మొన్నమొన్నటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు, కట్టుకున్నవాడికి చెప్పలేదు. నా గురించి గొప్పగా చెప్పుకునే సంగతులు నాలుగయిదు ఉన్నాయి, అవి ఎన్నిసార్లైనా చెబుతాను. ఇది మాత్రం గొంతు దాటి వచ్చేది కాదు.

బామ్మగారి ముందు గదిలో కిటికీ పక్కన ఒక పాత ఫోనోగ్రాఫ్ ఉండేది. చెక్కపెట్టె, పక్కన తిప్పే కీ, పైన నల్లటి రేకు బూర. ప్లేట్లలాంటి రికార్డులు కాదు దానికి, మైనంతో చేసిన సిలిండర్లు. మన మంచినీళ్ల గ్లాసంత ఉంటుంది ఒక్కొక్కటి, తేనె రంగులో, లోపల డొల్లగా. పైన చేయి తగలకూడదు, వేళ్ల వెచ్చదనానికి గీతలు చెడిపోతాయి. రెండు వేళ్లు లోపలికి దూర్చి, విడదీసి పట్టుకోవాలి. ఆవిడ చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు ఆ మెషీన్ కొన్నారట. కొన్న పాటలు వినడమే కాదు, దాంతో ఇంట్లోనే రికార్డు కూడా చేసుకోవచ్చు. సూది ఉన్న చిన్న డబ్బీ మార్చి, బూరలోకి గట్టిగా మాట్లాడితే మైనం మీద గీతలు పడతాయి. వద్దనుకుంటే, మెషీన్‌కే ఉన్న చిన్న బ్లేడుతో పైపొర గీకేసి మళ్లీ కొత్తగా మాట్లాడుకోవచ్చు. ఆయనకి అదో పిచ్చి. భార్య పియానో, పక్కింటాయన ఫ్లూటు, పెంపుడు కుక్క మొరుగుడు, అన్నీ ఎక్కించారు. డెబ్బై ఏళ్లలో చాలావాటికి తెల్లటి బూజు పట్టింది.

ఒక్కటి మాత్రం బాగుండేది. దాన్ని ఆవిడ దూది మధ్య, విడిగా ఒక అట్టడబ్బాలో దాచుకున్నారు. అందులో ఉన్నది వాళ్లన్నయ్య గొంతు. ఆరేళ్ల పిల్లాడు. వన్, టూ, త్రీ అని లెక్కపెడుతూ సిక్స్ దాకా వచ్చి ఆగిపోతాడు. ఏడు గుర్తు రాదు. కిసుక్కున నవ్వుతాడు. వెనకనుంచి తండ్రి మెల్లగా సెవెన్ అని అందిస్తే, అందుకుని పది దాకా ఒక్క గుక్కలో చెప్పేసి, ఆఖర్న చెల్లెలితో "నౌ యూ!" అంటాడు, ఇక నీ వంతు అని. ఆ చెల్లెలే మా బామ్మగారు. అప్పటికి ఆవిడకి రెండేళ్లు. బూరని చూసి భయపడి బల్ల కిందకి దూరిపోయారట. పోనీలే, ఇంకోసారి చెప్పిద్దాం అనుకున్నారట తండ్రి. ఆ చలికాలంలోనే పిల్లాడు గొంతు జబ్బు చేసి పోయాడు. అన్నయ్య ముఖం ఆవిడకి గుర్తు లేదు. ఆయన తాలూకు ఆవిడకి మిగిలింది ఆ అర నిమిషం గొంతే.

మోగించినప్పుడల్లా సూది కొంచెం మైనాన్ని తినేస్తుంది. అందుకని ఏడాదికి ఒక్కసారే, అక్టోబరులో అన్నయ్య పుట్టినరోజు నాడు పెట్టుకునేవారు. మొదటిసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్న ఏడాది రెండు కుర్చీలు వేసి, మంచి గౌను వేసుకుని, పండగలా చేశారు. అయ్యాక నా వైపు తిరిగి, "మిగతావాటితో నీ ఇష్టం. దీన్ని మాత్రం ముట్టుకోకు," అన్నారు. అలాగేనని తలూపాను.

ఇక నా సంగతి. అప్పట్లో ఊళ్లో ఉన్న పదిహేను తెలుగు కుటుంబాలు నెలకోసారి ఎవరో ఒకరింట్లో కలిసేవి. భోజనాలయ్యాక నన్ను నిలబెట్టి పాడించేవారు. అంకుల్సూ ఆంటీలూ "ఎంత బంగారు గొంతమ్మా" అంటుంటే నేను నేలమీద ఉండేదాన్ని కాదు. బామ్మగారు నాకు కుక్క మొరిగిన బూజు సిలిండర్ ఇచ్చి, గీకడం, రికార్డు చేయడం నేర్పారు. నా పేరు చెప్పి పెట్టుకుంటే గులకరాళ్ల బస్తాలోంచి ఎవరో పిలిచినట్టు వినబడింది. ఇంకోటి ఇచ్చారు, అదీ అంతే. బూజు లోపలికి తినేసిన మైనం మీద నా బంగారు గొంతు నిలవలేదు. నాకు ఉక్రోషం వచ్చింది.

ఏప్రిల్లో ఒకరోజు ఆవిడ బట్టలు ఉతకడానికి బేస్‌మెంట్‌లోకి దిగారు. నేను అట్టడబ్బా తెరిచాను. ముందు వినడానికే తీశాననుకుంటాను. ఒకసారి పెట్టాను, మళ్లీ పెట్టాను. మూడోసారి ఆ పిల్లాడు "నౌ యూ!" అనేసరికి, నన్నే అన్నట్టు అనిపించింది. బ్లేడు దించాను. తేనె రంగు మైనం కొబ్బరి కోరులా రాలింది. డబ్బీ మార్చి, బూరలో ముఖం పెట్టి, ఒకటి నుంచి పది దాకా తెలుగులో అరిచాను. ఆఖర్న "అయిపోయింది!" అని కూడా అన్నాను. రాలిన మైనమంతా నా లంచ్ బాక్సులో ఎత్తి, సిలిండర్‌ని దూదిలో సర్దేసి, ఆవిడ మెట్లెక్కి వచ్చేసరికి హోంవర్క్ ముందు కూర్చున్నాను.

మైనం రాలుతుండగానే నాకు తెలుసు, చేస్తున్నది తప్పని. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ తర్వాత ఆరు నెలలు నాకు నేను వేరే కథ చెప్పుకున్నాను. మా ఇంట్లో ఒక అలవాటు ఉండేది. తెనాలి నుంచి మా పిన్ని ఉత్తరాలకి బదులు క్యాసెట్లు పంపేది. "అక్కా, వినపడతందా? మొన్నటి టేపులో బావగారు మధ్యలో దగ్గారేందే, మందేసుకున్నారా?" అని మొదలుపెట్టి అరగంట వాయించేది. మేమంతా చుట్టూ కూర్చుని రెండుసార్లు వినేవాళ్లం. ఆదివారం నాన్న అదే క్యాసెట్ వెనక్కి తిప్పి, రికార్డు బటన్ నొక్కి, మా జవాబు దానిమీదే ఎక్కించి పోస్టులో వేసేవారు. పిన్ని విని, దానిమీద మళ్లీ తన కబుర్లు ఎక్కించేది. ఒకే టేపు ఏళ్లతరబడి అలా సముద్రం దాటుతూ ఉండేది. అందుకని, విన్న గొంతు మీద జవాబు చెప్పడం మా ఇంటి పద్ధతే కదా, ఆ పిల్లాడు నీ వంతు అన్నాడు కదా అని నన్ను నేను సమర్థించుకున్నాను. అంత నమ్మకమే ఉంటే మైనం లంచ్ బాక్సులో ఎందుకు దాచానో మరి.

ఆ ఆరు నెలలూ తేలు కుట్టిన దొంగలా తిరిగాను. బామ్మగారు ఎప్పటిలాగే నాకు బిస్కట్లు చేసిపెట్టారు, లెక్కలు చెప్పారు, వేసవిలో వాళ్ల పెరటి టమాటాలు అమ్మకి పంపారు. ఆవిడ ఎంత బాగా చూస్తే నాకు అంత కష్టంగా ఉండేది. చెప్పేయడానికి రోజుకి రెండు గంటలు దొరికేవి. ఒక్కరోజూ నోరు పెగల్లేదు.

అక్టోబరు వచ్చింది. రెండు కుర్చీలు వేశారు, అదే గౌను. కడుపునొప్పి అని ఇంటికి పోదామనుకున్నాను. ఆ ధైర్యమూ లేకపోయింది. కీ తిప్పి, సిలిండర్ ఎక్కించి, సూది దించి, ఆవిడ కళ్లు మూసుకున్నారు. ఒకటి, రెండు, మూడు అని నా గొంతు మొదలైంది. బూజు లేని మంచి మైనం కదా, నేను కోరుకున్నట్టే ఖంగుమని వచ్చింది. ఆవిడ కళ్లు తెరిచారు. ఆపేస్తారనుకున్నాను. ఆపలేదు. పది దాకా విన్నారు. నా "అయిపోయింది!" కూడా విన్నారు. ఆ మాటలో ఉన్న గెలుపుకి నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"ఎప్పుడు?" అని మాత్రం అడిగారు.

ఏప్రిల్లో అన్నాను. వెంటనే మా క్యాసెట్ల గొడవంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. పిన్ని, తెనాలి, మా పద్ధతి, అన్నీ. ఆవిడ ఓపిగ్గా పూర్తిగా విన్నారు.

"మీ ఇంటి పద్ధతి మంచిదే. నేను వద్దని చెప్పానా, లేదా?"

"చెప్పారు."

"అయితే ఆ మాట చెప్పు."

నేను చెప్పలేకపోయాను. ఏడ్చాను. ఏడుపు తేలిక. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లారు. కుళాయి చాలాసేపు నడిచిన చప్పుడైంది. తిరిగొచ్చేసరికి ముఖం తడిగా, కళ్లు ఎర్రగా ఉన్నాయి. మా అమ్మకి ఫోన్ చేస్తారనుకున్నాను. ఆవిడ తన కుర్చీని నా కుర్చీకి ఎదురుగా లాక్కుని కూర్చున్నారు.

"వాడి గొంతు విన్నవాళ్లం ఇప్పుడు మనిద్దరమే. వాడు ఎలా చెప్పాడో చెప్పు."

వెక్కుతూనే వన్, టూ అని మొదలుపెట్టాను. సిక్స్ దగ్గర ఆగాను. "ఇంకొంచెం ఆగాడు," అన్నారు. మళ్లీ మొదట్నుంచి చెప్పాను. "నవ్వు అంత పెద్దది కాదు, ముక్కుతో నవ్వాడు," అన్నారు. మూడోసారి ముక్కుతో నవ్వాను. సెవెన్ అని ఆవిడే మెల్లగా అందించారు, వాళ్ల నాన్నగారిలా. పది దాకా ఒక్క గుక్కలో చెప్పేసి, అలవాటుగా "నౌ యూ" అనేశాను.

అప్పుడావిడ చేతులు ఒళ్లో పెట్టుకుని, చిన్నపిల్లలా, వన్ అన్నారు. టూ అన్నారు. ఒక్కో అంకె వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పది దాకా చెప్పారు. నన్ను ఒక్క దెబ్బ వేసి ఉంటే ఆ రోజే మర్చిపోయేదాన్నేమో.

మేము ఆ ఊరు వదిలే దాకా ఇంకో మూడు అక్టోబర్లు ఆవిడ రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశారు. మెషీన్ మాత్రం తెరవలేదు. మా అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పమని నన్ను అడగనూ లేదు. ఆ తర్వాత కొన్నేళ్లకి ఆవిడ పోయారని కార్డు వచ్చింది. ఆ సిలిండర్ ఎవరి దగ్గర ఉందో నాకు తెలియదు. ఎక్కడైనా ఎవరైనా దాన్ని మోగిస్తే, డబ్బా మీద ఒక అమెరికన్ పిల్లాడి పేరుంటుంది, లోపల ఒక తెలుగు పిల్ల అరుస్తూ ఉంటుంది.

నేను దొరికిపోయిన ఆ అక్టోబరులోనే పిన్ని టేపు వచ్చింది. అందరూ విన్నాక, క్యాసెట్ వీపున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కల్ని స్క్రూడ్రైవర్‌తో విరగ్గొట్టేశాను. అవి లేకపోతే దానిమీద రికార్డు కాదు. ఆదివారం నాన్న బటన్ నొక్కి, "ఏవిటే ఇది, దిగట్లేదు? నువ్వేమన్నా కెలికావా?" అని కేకలేశారు. అవును అన్నాను. పిన్ని ఇప్పుడు లేదు. ఆవిడ గొంతు మిగిలింది ఆ ఒక్క టేపులోనే. వాళ్ల పిల్లలు డాలస్ నుంచి వచ్చినప్పుడల్లా అది పెట్టుకుని నవ్వి, ఏడ్చి, "అక్కా, నీకు అంత చిన్నప్పుడే ఆ ఆలోచన ఎలా వచ్చిందే!" అని నన్ను మెచ్చుకుంటారు. ఆ పొగడ్త వింటుంటే తల ఎత్తలేను. నవ్వేసి, కాఫీ కలుపుతానని లేచిపోతాను.

ఇప్పుడు అమెరికాలోనే క్యారీ అనే ఊళ్లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ప్రతి అక్టోబరులో ఆ రోజున, ఎవరూ లేని చోటు చూసుకుని, ఆ పిల్లాడిలా పది దాకా చెప్పుకుంటాను. ఆ గొంతు తెలిసినదాన్ని ఇక నేనొక్కదాన్నే. మొన్న కారులో చెప్పుకుంటున్నాను. వెనక సీట్లో మనవరాలు నిద్రపోయిందనుకున్నాను.

"అమ్మమ్మా, సెవెన్ ఫర్‌గెట్ చేశావా?" అంది.

"నేను కాదమ్మా. ఒక బాబు మర్చిపోయాడు. చాలా రోజుల కిందట."

బాబు ఎవరంది. బామ్మగారి గురించి, బూర గురించి, మైనం గురించి చెప్పాను. ఇంటి డ్రైవ్‌వేలో కారు ఆపేసినా దిగకుండా వింది. నేను అంతవరకే చెప్పి ఊరుకుందామనే అనుకున్నాను.

"ఆ రికార్డింగ్ నాకూ ప్లే చెయ్యవా? అది ఎక్కడుంది?"

పోయిందని చెప్పొచ్చు, పాడైపోయిందని చెప్పొచ్చు. రెండూ అబద్ధాలు కావు.

"లేదమ్మా," అన్నాను. "ఆవిడ వద్దని చెప్పారు. నేనే చెరిపేశాను."