చువ్వ కింది పళ్లెంలో ఫరోఫా

సాంతోస్ రేవు నుంచి విహారయాత్రలకు వెళ్లే మా ఓడలో మాంసానికి జరిగే మర్యాద మనుషులకు కూడా జరిగేది కాదు. కాల్చిన మాంసం రెస్టారెంటులో మగవాళ్లు పొడుగాటి చువ్వలకు మాంసం గుచ్చుకొని, నడుముకు కత్తి కట్టుకొని, పెళ్లికొడుకుల్లా బల్లల మధ్య తిరిగేవాళ్లు. అతిథి తన ముందున్న బిళ్లను ఆకుపచ్చ వైపు పెడితే వీళ్లు కోసి వడ్డించాలి, ఎర్ర వైపు తిప్పితే ఆగాలి. ఫోటోలూ చప్పట్లూ అన్నీ వాళ్లకే. అన్నం, నల్ల చిక్కుడు గింజలు, సన్నగా తరిగి వేయించిన ఆకుకూర, అరటిపండు వేపుడు, ఫరోఫా, ఇవన్నీ వండే మా ఇద్దర్నీ మాత్రం ‘పక్కవాళ్లు’ అనేవాళ్లు. పక్క వంటలు వండితే పక్కవాళ్లమైపోతామా? నాకు ఒళ్లు మండేది.

నాతోపాటు వండే పెద్దావిడ దోనా జందిరాకు, అంటే జందిరమ్మగారికి, మండేది కాదు. “అననీవే మారిల్జా. వట్టి మాంసం ఎన్ని ముద్దలు మింగుతారో నేనూ చూస్తాగా” అనేది, చిక్కుడు గింజలు కలుపుతూ.

ఆవిడ పుట్టింది ఉత్తరాన బహియా రాష్ట్రంలో, ఓ మారుమూల పల్లెలో, కర్రపెండలం పిండి ఆడే కొట్టంలో. మాటవరసకు అనడం లేదు. వాళ్లమ్మ దుంపలు చెక్కు తీస్తూ తీస్తూ నొప్పులొచ్చి, అక్కడే గోనెసంచుల మీద కన్నదట. నడక రాగానే జందిరాను కూడా తురుముడు చక్రం దగ్గర కూర్చోబెట్టారు. ఎడమ చూపుడువేలి కొన ఆ చక్రానికే పోయింది. పెళ్లయి సాంతోస్ వచ్చింది. మొగుడు రేవులో కాఫీ బస్తాలు మోసేవాడు, ఒకనాడు ఆ బస్తాలే మీద పడి పోయాడు. ఆ తర్వాత రేవు గేటు ముందు గిన్నెలు పెట్టుకొని కూలీలకూ, దక్షిణాది నుంచి వచ్చే లారీవాళ్లకూ అన్నం అమ్మి ఇద్దరు ఆడపిల్లల్ని ఓ ఇంటివాళ్లను చేసింది. “ఇన్నేళ్లూ ఓడలు నింపేవాళ్లకి అన్నం పెట్టాను. ఇప్పుడు ఓడే నాకు అన్నం పెడుతుంది” అని ఈ వయసులో ఓడెక్కింది. మొదట్లో సముద్రం పడక వాంతులవుతుంటే, పక్కన బకెట్టు పెట్టుకొని ఉల్లిపాయలు తరిగిందే గాని సెలవు అడగలేదు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, మొండిదాని సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇక ఫరోఫా. వెన్నలో ఉల్లి, వెల్లుల్లి, పొగబెట్టిన పందిమాంసం ముక్కలు వేగాక కర్రపెండలం రవ్వ పోసి, చెయ్యి ఆపకుండా పొడిపొడిగా వేయించాలి. దాన్ని ఒట్టిగా తినకూడదు. మాంసం ముక్క దాంట్లో పొర్లించో, గింజల పులుసులో కలుపుకునో తినాలి. మాకిది ఉగ్గుపాలతో వచ్చిన విద్య. తెలియనివాళ్ల సంగతి వేరు. ఆ ట్రిప్పులో బ్యూనస్ ఐరిస్ పెద్దమనిషి ఒకాయన వడ్డన బల్ల మీది ఫరోఫాను తురిమిన చీజ్ అనుకొని, చెంచా నిండా నోట్లో పోసుకొని, అదే ఊపులో ఏదో జోకుకు నవ్వాడు. రవ్వంతా ఎదురుగా కూర్చున్న భార్య నల్ల గౌను మీద పడింది. దగ్గు, నీళ్లు, కేకలు!

రెస్టారెంటు మేనేజరు ఎవరాల్దు రుసరుసలాడుతూ వంటగదిలోకి వచ్చాడు.

“దోనా జందిరా, రేపట్నుంచి ఈ ఫరోఫా వడ్డన బల్ల మీద కనిపించకూడదు. బంగాళాదుంప ముద్ద పెడదాం.”

“నోట్లో పెట్టుకొని నవ్వింది ఆయనైతే తప్పు రవ్వదా నాయనా?”

“ఎవరిదైతేనేం, కాళ్లావేళ్లా పడాల్సింది నేను. అయినా ఇది ఓడమ్మా, ప్రాయా గ్రాందీ బీచి కాదు. బస్సులో కోడికూరా ఫరోఫా మూటగట్టుకొచ్చి ఇసకలో చాపేసుకునే జనం తిండి ఇది. ఇక్కడికొచ్చేవాళ్లు చూస్తే నవ్వుతారు.”

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఆ ముద్ద పొట్లాల్లో వస్తుందట, వేడినీళ్లు పోస్తే చాలట, దానికి ఇద్దరు మనుషులు దండగట. “సాంతోస్ చేరాక మీరు దిగి రెస్టు తీసుకోండి. ఇక్కడ మారిల్జా చూసుకుంటుంది” అన్నాడు.

“మారిల్జా ఏమీ చూసుకోదు!” అని అరిచాను. చేతిలో గరిటె ఉంది, విసిరేదాన్నే. జందిరా నా కొంగు, అంటే ఆప్రాను, పట్టుకు లాగింది.

“సాంతోస్ చేరేదాకా నా పొయ్యి నాదేనా?” అని అడిగింది.

“మీదే. బల్ల మీద మాత్రం వద్దు.”

“పెట్టనులే.”

గదిలోకి వెళ్లాక నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆవిడ మంచం మీద కూర్చొని కాళ్లు రుద్దుకుంటూ, “ఆ పెద్దమనిషి సంగతి వదిలెయ్. మనవాళ్లని చూశావా?” అంది. “పక్కన పరాయిదేశం వాళ్లుంటే చాలు, ఫరోఫా చెంచా దాకా వెళ్లిన చెయ్యి వెనక్కి లాగేసుకుంటున్నారు. ఇంట్లో అది లేకపోతే ముద్ద దిగని జనం! అది చూస్తే నాకు కడుపు తరుక్కుపోతోంది. దిగమంటే దిగుతానే. నా తిండిని చూసి సిగ్గుపడుతుంటే మాత్రం నోరు మూసుకొని దిగను.”

మర్నాడు పొద్దున్నే చువ్వలవాళ్ల పెద్ద ఆడెమార్ దగ్గరికి వెళ్లింది. అతనిది దక్షిణాది, పశువుల మేతబీళ్ల ప్రాంతం. మీసం చూస్తేనే మనకు భయం వెయ్యాలని అతని కోరిక. మాంసం కోసేటప్పుడు రసం కింద కారకుండా చువ్వ కొనకు ఒక చిన్న పళ్లెం పట్టుకుంటారు. ఆ పళ్లెంలో ఫరోఫా పోసుకొని తిరగమని అడిగింది.

ఆడెమార్ పకపకా నవ్వాడు. “మాంసానికి కల్లుప్పు చాలు దోనా జందిరా. రవ్వలూ గివ్వలూ మాంసం బాగాలేని వాళ్లకి.”

“నీ మాంసం బాగుందేంటి? కరెంటు పొయ్యి మీద కాల్చావు. బొగ్గుందా, పొగుందా?”

అతని మొహం మాడిపోయింది. “ఓడలో నిప్పు పెట్టనివ్వరు. నన్నేం చెయ్యమంటారు?”

“నా రవ్వ ఓడెక్కకముందే పిండి కొట్టంలో కట్టెల పొయ్యి మీద వేగి వచ్చింది. నీకు లేని పొగ దాంట్లో ఉంది. సరే, ఒక్కటి చెప్పు. మీ తాత నిప్పు పక్కన కూర్చొని మాంసం కాల్చేటప్పుడు, పక్కన చెక్క తొట్టిలో ఏముండేది?”

రేవు గేటు దగ్గర లారీవాళ్ల కబుర్లు ఆవిడ ఊరికే వినలేదు. ఆడెమార్ కత్తి నూరడం ఆపేశాడు.

“పిండి” అన్నాడు. “కర్రపెండలం పిండే. ముక్క కోసి దాంట్లో పొర్లించి మాకు నోట్లో పెట్టేవాడు.”

“మరి మీ తాత మాంసం బాగుండేది కాదా?”

అతను గోడకున్న చిన్న పళ్లెం తీసి, తుడిచి, ఆవిడ ముందు పెట్టాడు. మిగతా చువ్వలవాళ్లు కూడా తెచ్చి పెట్టారు.

సాంతోస్ చేరే ముందటి ఆఖరి విందు అది. వడ్డన బల్ల మీద బంగాళాదుంప ముద్ద తెల్లగా, చల్లగా పడుంది. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. ఆడెమార్ కావాలనే ముందుగా ఆ బ్యూనస్ ఐరిస్ దంపతుల దగ్గరికి వెళ్లాడు. మాంసం కోస్తుంటే రసం ఫరోఫా మీద బొట్లుబొట్లుగా కారింది. ముక్కను దాంట్లో పొర్లించి అందించాడు. “ఈసారి నవ్వావో, నేను లేచిపోతా” అంది ఆయన భార్య. ఆయన బుద్ధిగా నమిలాడు. తర్వాత ఇంకో ముక్క కోసం కంచం జరిపాడు.

పక్క బల్ల దగ్గర ముత్యాల దండ వేసుకున్న ముసలావిడ ఒకామె, కొడుకూ కోడలూ మనవలతో కూర్చుంది. మన దేశమే. ముందురోజుల్లో ఫరోఫా వైపు కన్నెత్తి చూడని మనిషి. “ఇటు! ఆ పళ్లెం ఇటు పట్రావయ్యా!” అని కేకేసింది. కొడుకు “అమ్మా, మెల్లగా” అంటున్నా వినకుండా వేళ్లతోనే తీసుకుంది.

సరిగ్గా అప్పుడే ఆ ఫరోఫా ఎవరాల్దు కంట పడింది. చువ్వలవాళ్లను పక్కకు పిలిచి పళ్లేలు ఖాళీ చేయించాడు. ఆడెమార్ వట్టి పళ్లెంతో మళ్లీ ముసలావిడ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ చువ్వకేసి చూడలేదు, పళ్లెంలోకి తొంగి చూసింది. చూసి, తన బిళ్లను ఎర్ర వైపు తిప్పేసింది.

“రవ్వ వచ్చాక తిప్పుతాలే.”

మనవలు ఆటనుకొని తమవీ తిప్పారు. కోడలు తిప్పింది. మొహమాటపడుతూ కొడుకూ తిప్పాడు. ఆ వెనక బల్లవాళ్లు సంగతి కనుక్కొని తిప్పారు. హాలు సగం ఎర్రబడింది. చువ్వలవాళ్లంతా వేడి మాంసం పట్టుకొని గోడవారగా నిలబడిపోయారు. నాకు ఈల వెయ్యాలనిపించింది, నిజం చెప్తున్నా.

ఎవరాల్దు వంటగదిలోకి వచ్చాడు. జందిరా పెద్ద బాణలిలో రవ్వ వేయిస్తోంది. వెనక్కి తిరగలేదు, తిరిగితే మాడుతుంది.

“బల్ల మీద పెట్టలేదు నాయనా. నీ మాట దాటలేదు” అంది.

ఎవరాల్దు బాణలి దగ్గరికొచ్చాడు. వెన్నలో వేగుతున్న రవ్వ వాసన గది నిండా ఉంది. బాణలి అంచు నుంచి గుప్పెడు తీసుకొని, ఛాతీ దగ్గర్నుంచి చేత్తో గాల్లోకి విసిరి నోట్లో వేసుకున్నాడు. ఒక్క రవ్వ కింద పడలేదు, కోటు మీదా పడలేదు. సాంతోస్‌లో పుట్టిన నాకే ఆ విద్య రాదు, గడ్డమంతా పోసుకుంటాను. అది పాలపళ్లప్పుడే రావాలి.

జందిరా చెయ్యి ఆగిపోయింది. పొయ్యి ఆపేసి అతనికేసి తిరిగింది.

“ఎవరు నేర్పారు?”

ఎవరాల్దు తలుపు వైపు చూశాడు. “అమ్మ” అన్నాడు. “ఉత్తరాది, పెర్నంబుకో నుంచి వచ్చింది. ఆదివారాలు ప్రాయా గ్రాందీ బస్సులో, వెనక సీట్లో నేర్పింది.”

“ఉందా?”

“ఉంది. ఓడెక్కమంటే రానంటుంది. అంత గొప్పచోట నేను తినేదేముంటుందిరా అంటుంది.”

జందిరా గుడ్డతో చేతులు తుడుచుకుంది. “వచ్చే ట్రిప్పుకి తీసుకురా. నేను దిగడం లేదు.”

అతను కోటు చేతులు పైకి మడుచుకొని, రెండు గుడ్డలు పట్టుకొని, బాణలిని ఎత్తి వడ్డన బల్ల వైపు నడిచాడు. తలుపు నేనే తీసి పట్టుకున్నాను.